‘ఎదకొస్తలేదు’ అన్న 16 బర్రెలు: ప్రాజెక్టు డైరీ

దేవరకొండ, కల్వకుర్తి నడుమ ఒక ఊరు. ఆరు కొట్టాలు, 16 బర్రెలు. అన్నీ గ్రేడెడ్ ముర్రా, ఈని 90 రోజులు దాటినవి. అన్నింటి మీదా ఒకటే ఫిర్యాదు: “ఎదకొస్తలేదు సారూ.”

ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సమస్యలు దాక్కుంటాయి. ఒకటి, అండాశయం గడియారంలా పనిచేస్తూనే ఉంటుంది, ఎద మాత్రం పైకి కనిపించదు. అది మూగ ఎద. రెండోది, అండాశయమే పడుకుని ఉంటుంది. మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి పారదు. ఈ రెండింటినీ విడదీయడమే ప్రాజెక్టు పని. అక్టోబర్ 5ను 0వ రోజుగా పెట్టుకున్నాం. కింద ‘డైరీ రోజు’ అంటే ఆ లెక్క. ఎద కనిపించిన నాటి నుంచి లెక్కపెట్టేది ‘ఎద రోజు’. రెండూ కలిపి చదవొద్దు. మా మొదటి పుస్తకంలో కలిసిపోయి నాలుగు పేజీలు తిరగరాయాల్సి వచ్చింది.

మొదటి దశ: వడపోత (డైరీ రోజు 0–2)

ఏ సూదీ వేయకముందే ప్రతి బర్రెకూ స్కాన్. పోర్టబుల్ మెషీన్, మలద్వారం గుండా పెట్టే లీనియర్ ప్రోబ్, 7.5 మెగాహెర్ట్జ్. పశువైద్యుడు చూస్తుంటే ఒకరు రాయాలి.

16లో రెండు అప్పటికే చూడివి. ఒకటి దాదాపు 70 రోజులు, ఇంకోటి నాలుగో నెల. మేతకు పోయినప్పుడు మందలో దున్న దాటింది, ఎవరూ చూడలేదు. వీటికి ఎద సూది అని ప్రోస్టాగ్లాండిన్ వేసి ఉంటే ఈసుకుపోయేవి. ఇంకొకదానికి గర్భసంచిలో చీము. స్కాన్‌లో నల్లటి ద్రవంలో తెల్లటి నలుసులు తేలుతూ కనిపించాయి. దాన్ని చికిత్సకు పంపి జాబితా నుంచి తీసేశాం.

లెక్క: 16 – 2 – 1 = 13.

పదమూడింటి కొమ్ములకూ రంగుతో నంబర్లు వేశాం. చెవి పోగు మీది 12 అంకెలు రాత్రి టార్చి వెలుగులో చదవడం అయ్యే పని కాదు.

రెండో దశ: ఎద కాపలా (డైరీ రోజు 1–48)

మొదటి 24 రోజులు పొద్దున 5కు, సాయంత్రం 5కు, పాలు పిండేటప్పుడు చూశాం. 13లో రెండు దొరికాయి. ఆ వేళకు బర్రె మూతి దాణా బకెట్‌లో ఉంటుంది, మనిషి చేతులు పొదుగు దగ్గర ఉంటాయి. వెనక ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు. పైగా బర్రెలో ఎద లక్షణాలు ఎక్కువగా పొద్దుగూకినాక మొదలై తెల్లారేలోపు తగ్గుముఖం పడతాయి.

తర్వాతి 24 రోజులు రాత్రి 10కి, తెల్లారగట్ల 3:30కి మరో రెండు చూపులు కలిపాం. అన్ని కొట్టాలూ తిరగడానికి పూటకు 40 నిమిషాలు. చూసే వరుస ఇది:

1. బర్రె పడుకుని ఉండగానే చూడాలి. ఆవుకు నిలబడ్డప్పుడు తీగలు (ఎదలో మానం నుంచి కారే జిగట స్రావం) వేలాడినట్టు బర్రెకు వేలాడవు. పడుకున్నప్పుడు కడుపు ఒత్తిడికి తీగ జారి నేల మీద చిన్న మడుగులా నిలుస్తుంది. మట్టి నేల అయితే పది నిమిషాల్లో ఇంకిపోతుంది, కాబట్టి వెనక కాళ్ల దగ్గర పాత యూరియా సంచి పరిచాం.
2. తోక వెంట్రుకలు అతుక్కుని మెరుస్తున్నాయా?
3. మానం పెదవులు ఉబ్బి, ముడతలు పోయి, లోపల ఎర్రబడి తడిగా ఉన్నాయా?
4. కొద్దికొద్దిగా మాటిమాటికీ మూత్రం పోస్తోందా, ఊరికే అరుస్తోందా?
5. ఆ పూట పాలు చేపిందా? మామూలు కన్నా అర లీటరు తగ్గితే పుస్తకంలో గుర్తు.
6. దాటకుండా గుడ్డ కట్టిన కుర్ర దున్నను తాడుతో పట్టి వరుస వెంట నడిపించాలి. అది ఆగి మూతి ఎత్తిన చోట మళ్లీ 1 నుంచి చూడాలి.

ఒకదాని మీద ఒకటి ఎక్కడం కోసం కాచుకుంటే బర్రెల్లో పని కాదు. 48 రోజుల్లో ఒక్కసారే చూశాం.

రెండో విడతలో ఐదు దొరికాయి, మొదటి రెండూ అందులోనివే. ఐదింటిలో మూడు రాత్రి 10కి, 3:30కి మధ్య మొదలైనవి.

తీగను గాజు పలక మీద పలుచగా పూసి పది నిమిషాలు ఆరనిచ్చి మైక్రోస్కోపులో 10 రెట్ల లెన్సుతో చూడటమూ ఇక్కడే మొదలుపెట్టాం. ఎద తెచ్చే హార్మోన్ ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉన్నప్పుడు తీగలోని ఉప్పు ఆరి ఫెర్న్ ఆకులా కొమ్మలు కొమ్మలుగా గడ్డకడుతుంది. ఎద పోయినాక కొమ్మలు విరిగిపోతాయి, చక్రం మధ్యలో అసలు ఉండవు. మొదటి వారం ఏ పలక చూసినా ఏవో స్ఫటికాలు కనిపించాయి, ఎదలో లేనివాటికీ! పలకలు కడిగింది బోరు నీళ్లతో. ఈ పక్క బోరు నీళ్లు ఆరితే గిన్నెకే తెల్లచార పడుతుంది, గాజు పలకకు పడదా? డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి స్పిరిట్‌తో తుడవడం మొదలుపెట్టాక సరిపోయింది. బోరు స్ఫటికం చతురస్రంగా, విడివిడిగా ఉంటుంది. ఎద తీగది నడిమి ఈనె, దానికి పక్క ఈనెలు, వాటికి మళ్లీ ఈనెలు.

లెక్క: 13లో ఎద కనిపించినవి 5, కనిపించనివి 8.

మూడో దశ: చేత్తో చూసి వేసిన సూది (డైరీ రోజు 50–55)

ఇది చేయకుండా ఉండాల్సింది. మామూలుగా ఊళ్లలో జరిగేది ఇదే కాబట్టి రాస్తున్నాం.

ఎద కనిపించని ఎనిమిదింటిలో నాలుగింటికి చేత్తో తడిమి ‘కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట పెరిగి ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇచ్చే ముద్ద) తగులుతోంది’ అనుకుని, దాన్ని కరిగించే ప్రోస్టాగ్లాండిన్ మందు క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు, అంటే 2 మి.లీ., కండకు వేశారు. ఒక్కటే ఎదకొచ్చింది.

మంచి పని ఒకటి చేశాం. సూది వేసే ముందూ, 48 గంటల తర్వాతా రక్తం తీసి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) దాచిపెట్టాం. అది తర్వాతి దశలో పరీక్షించినప్పుడు తేలింది ఇది:

– రెండింటిలో సూది నాటికే ప్రొజెస్టిరాన్ మి.లీ.కు 0.5 నానోగ్రాముల లోపు. కరిగించడానికి కార్పస్ లూటియమే లేదు. మందు నీళ్లతో సమానం.
– ఒకదానిలో 2.4 ఉండి 48 గంటలకు 0.3కి పడింది, ఎద కనిపించింది.
– ఇంకోదానిలో 1.9 నుంచి 0.4కి పడింది, కానీ ఎద కనిపించలేదు. సూది పనిచేసింది, బర్రె మళ్లీ మూగగానే ఉంది.

చేతికి ఎందుకు దొరకలేదంటే, బర్రె అండాశయమే ఆవుదానికన్నా చిన్నది. కార్పస్ లూటియం కూడా చిన్నది, ఎక్కువ భాగం అండాశయంలోకే కూరుకుని ఉంటుంది. ఆవులో బొడిపెలా పైకి తగిలే తల బర్రెలో చాలాసార్లు ఉండదు. పదేళ్లు ఆవుల్లో తడిమిన చెయ్యి కూడా ఇక్కడ పొరబడుతుంది.

జాగ్రత్త ఒకటి. ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గర్భవతులు, ఆస్తమా ఉన్నవాళ్లు సీసా కూడా ముట్టుకోవద్దు. కొట్టంలో పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, ముందే చెప్పాలి. ఇక్కడ రాసిన హార్మోన్లన్నీ పశువైద్యుడు వేయాల్సినవే.

నాలుగో దశ: ప్రొజెస్టిరాన్ కొలత

పాలతో ఓడిపోయాం (డైరీ రోజు 35, 45)

సూది గోల కంటే ముందే పాల నమూనాలు తీశాం. 13 బర్రెలు, రెండుసార్లు, 26 సీసాలు. ఒక్క అంకె కూడా వాడుకోవడానికి పనికి రాలేదు. కారణాలు మూడు:

1. ప్రొజెస్టిరాన్ కొవ్వులో కరుగుతుంది. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి పాలలో ఎక్కువ. ఒక కొట్టంలో మొదటి ధార పట్టారు, ఇంకో కొట్టంలో చివర పట్టారు. అనుమానం వచ్చి ఒకే బర్రె, ఒకే పూట, రెండు చోట్లా పట్టి చూస్తే అంకె మూడింతలు తేడా వచ్చింది.
2. నిల్వ మందు వేయలేదు. ఐస్ డబ్బా ఊరి నుంచి ల్యాబ్‌కు చేరేసరికి తొమ్మిది సీసాల్లో పాలు విరిగిపోయాయి.
3. ల్యాబ్‌లో ఉన్న ఎలైజా కిట్ (రంగును బట్టి హార్మోన్ కొలిచేది) సీరం కోసం చేసినది. బర్రె పాల వెన్న కిట్ ప్లేటులోని చిన్న గుంతల (బావుల) గోడలకు పట్టి రంగు సరిగా రాలేదు.

పాలతో చేయాలనుకునేవాళ్లు పాల కిట్టే కొనండి. ప్రతిసారీ ఒకే పూట, మొత్తం పిండిన పాలను కలియబెట్టి తీయండి. పొటాషియం డైక్రోమేట్ బిళ్ల వేసి 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆ బిళ్ల విషం, మిగిలిన పాలు దూడకు పోయకుండా పారబోయాలి. ఇంత పాటించగలిగితే పాలే మేలు, బర్రెను గుచ్చే పని లేదు. మాకు కిట్టు మార్చే వీలు లేక రక్తానికి మారాం.

రక్తంతో (డైరీ రోజు 64, 74)

1. మెడ సిర నుంచి 6 మి.లీ., మందు లేని గొట్టంలోకి.
2. గడ్డకట్టగానే ఐస్ మీదకు. ఆవు రక్తాన్ని వేరు చేయకుండా వెచ్చగా వదిలేస్తే ఎర్రకణాలు ప్రొజెస్టిరాన్‌ను మార్చేసి అంకె పడిపోతుందన్నది తెలిసిన సంగతే. బర్రె రక్తాన్నీ అలాగే చూసుకున్నాం.
3. రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్, నిమిషానికి 3,000 చుట్లు, 15 నిమిషాలు. కరెంటు పోతే అన్న భయానికి పంచాయతీ ఆఫీసు ఇన్వర్టర్ అడిగి పెట్టుకున్నాం, ఒకసారి అవసరం పడింది కూడా.
4. సీరం రెండు చిన్న గొట్టాల్లోకి, మైనస్ 20 డిగ్రీలకు. ఒకటి పాడైతే రెండోది ఉంటుంది.

ఎలైజా ప్లేటులో 96 బావులు. ప్రామాణికాలు ఏడు, కంట్రోల్ ఒకటి, అన్నీ జంటగా: 16 బావులు. మిగిలిన 80లో నమూనాలు జంటగా వేస్తే 40. మావి 26, దాచిన ప్రోస్టాగ్లాండిన్ సీరాలు 8, మొత్తం 34. ఒకే ప్లేటులో పట్టాయి. వేర్వేరు రోజుల ప్లేట్ల మధ్య అంకె కొంత జరుగుతుంది కాబట్టి పోల్చాల్సినవి ఒకే ప్లేటులో పెట్టడం ముఖ్యం.

రెండు నమూనాల మధ్య 10 రోజులే ఎందుకు? చక్రం సగటున 21 రోజులు. ప్రొజెస్టిరాన్ సుమారు 5వ ఎద రోజు నుంచి 16వ రోజు దాకా 1 నానోగ్రాము పైన ఉంటుంది. తక్కువగా ఉండే కాలం 9 రోజులకు అటూ ఇటూ. పది రోజుల ఎడంతో రెండుసార్లు చూస్తే, చక్రం నడుస్తున్న బర్రె ఒక్కసారైనా ‘ఎక్కువ’లో దొరుకుతుంది. రెండుసార్లూ అడుగునే ఉంటే అండాశయం పడుకున్నట్టు. వారం ఎడం పెడితే రెండూ ఆ తక్కువ కాలంలోనే పడి, పనిచేసే బర్రెను పడుకున్నదనుకునే ప్రమాదం ఉంది.

ఫలితం:
– రెండింటిలో ఒక్కసారైనా 1 నానోగ్రాము పైన: 8
– రెండుసార్లూ 0.5 లోపు: 5

ఎద కనిపించిన ఐదూ ఎనిమిదిలోనే ఉన్నాయి. అంటే మూడు బర్రెలు ఎద తిరుగుతూనే ఉన్నాయి, రోజుకు నాలుగుసార్లు చూసినా మాకు చిక్కలేదు. ఖాళీ సూది పడ్డ రెండింటిలో ఒకటి నిజంగా పడుకున్నది. ఇంకొకటి చక్రం నడుస్తున్నదే, సూది వేసిన రోజున ఎద ముంగిట్లో ఉంది, అంతే.

లెక్క: మూగవి, కనిపించినవి కలిపి 8. పడుకున్నవి 5. పరీక్షించిన సీరాలు 34. పారబోసిన పాల సీసాలు 26.

ఐదో దశ: 7వ నంబర్ బర్రె, ఒక చక్రం (డైరీ రోజు 76–99)

ఎనిమిదింటిలో మచ్చికైనది ఒకటి ఎంచుకుని దాదాపు రోజు విడిచి రోజు స్కాన్ చేసి, రక్తం తీశాం. స్కాన్‌లో ఫాలికిల్ అంటే అండం ఉండే నీటి బుడగ, నల్లగా గుండ్రంగా కనిపిస్తుంది. కార్పస్ లూటియం బూడిద రంగు ముద్ద.

కొలతలో జరిగిన తప్పులు ముందు. ఎండలో తెర కనిపించక మొదటి రోజు 4 మి.మీ. బుడగలు వదిలేశాం. గోనె సంచిని తెర చుట్టూ గుడిసెలా కట్టాక బాగైంది. పెండ పూర్తిగా తీయకపోతే గాలి అడ్డుపడి చిత్రం చీకటి. అన్నిటికన్నా పెద్ద తప్పు 9వ ఎద రోజున: నిన్నటిదాకా ఉన్న కార్పస్ లూటియం మాయమైంది! కుడి అండాశయాన్ని ఎడమ గడిలో రాశారు. ఆ రోజు నుంచి ఫారంలో ‘కుడి’, ‘ఎడమ’ అని ముందే రెండు వలయాలు గీసి, బొమ్మ వేసి పక్కన అంకె రాశాం. ప్రతి బుడగనూ అడ్డంగా, నిలువుగా కొలిచి సగటు తీశాం. ఒకే బుడగను ఇద్దరు కొలిస్తే 1 మి.మీ. దాకా తేడా వచ్చేది, కాబట్టి 1 మి.మీ. మార్పుకు అర్థాలు వెతకొద్దు.

ఎద రోజు 0: కుడి ఫాలికిల్ 13 మి.మీ., ప్రొజెస్టిరాన్ 0.2. తీగలో ఫెర్న్ నిండుగా.
రోజు 2: ఆ బుడగ లేదు. అండం విడుదలైంది. రెండు అండాశయాల్లోనూ 4 మి.మీ. బుడగలు ఆరేడు. ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫాలికిళ్లను పెంచే హార్మోన్) పెరిగి లేపిన మొదటి అల ఇది.
రోజు 5: బుడగ ఉన్న చోటే కార్పస్ లూటియం 9 మి.మీ., ప్రొజెస్టిరాన్ 0.9. ఇక్కడి నుంచి మొదటి అంకె కార్పస్ లూటియం, రెండోది ప్రొజెస్టిరాన్.
రోజు 7: కార్పస్ లూటియం 12, 1.6. ఎడమ వైపు ఒక ఫాలికిల్ 9కి పెరిగింది, మిగతావి తగ్గుతున్నాయి. పెద్దది ఇచ్చే ఈస్ట్రోజన్, ఇన్‌హిబిన్ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచి తోటివాటిని ఎండబెడతాయి.
రోజు 9: 14, 2.1. ఎడమ ఫాలికిల్ 10, అక్కడే ఆగింది.
రోజు 11: 14, 2.7. ఆగినది 8కి కుంగింది. కొత్తగా 4 మి.మీ. బుడగలు, రెండో అల.
రోజు 13: 15, 3.1. చక్రంలో శిఖరం ఇదే.
రోజు 15: 15, 2.8. కొత్త పెద్దది కుడివైపు 9.
రోజు 17: 12, 1.2. ఫాలికిల్ 10.
రోజు 19: 10, 0.3. ఫాలికిల్ 12.
రోజు 21: ప్రొజెస్టిరాన్ 0.2, ఫాలికిల్ 13.5. రాత్రి 3:30 చూపులో సంచి మీద తీగ మడుగు.

9వ రోజు, 21వ రోజు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి అల పెద్ద బుడగ 10 మి.మీ. దాకా పెరిగి ఎందుకు చచ్చింది, రెండోది ఎందుకు పగిలింది? బుడగలో లోపం లేదు, పైన ప్రొజెస్టిరాన్ ఉంది. అది ఉన్నంతసేపు మెదడు కింది గ్రంథి నుంచి ఎల్‌హెచ్ (అండాన్ని విడుదల చేయించే హార్మోన్) బొట్టుబొట్టుగానే వస్తుంది, ఫాలికిల్‌ను పండించేంత రాదు. 16–17 రోజులకు గర్భం కట్టలేదని తేలగానే గర్భసంచి గోడ ప్రోస్టాగ్లాండిన్ వదిలి కార్పస్ లూటియంను కరిగిస్తుంది. ప్రొజెస్టిరాన్ పడిపోయాక ఎల్‌హెచ్ జోరందుకుంటుంది, ఫాలికిల్ ఈస్ట్రోజన్ పోస్తుంది. ఆ ఈస్ట్రోజనే ఎదనూ, ఎల్‌హెచ్ ఉప్పెననూ తెస్తుంది. చూడి కట్టి ఉంటే పిండం పంపే ఇంటర్‌ఫెరాన్ టౌ ఆ కరిగింపును ఆపేస్తుంది. బర్రెల్లో ఎక్కువగా కనిపించేది ఇలా రెండు అలల చక్రమే, మూడు అలలవీ ఉంటాయి.

ఎల్‌హెచ్‌ను మేం కొలవలేదు. ఉప్పెన కొన్ని గంటలే, పట్టుకోవాలంటే నాలుగు గంటలకోసారి గుచ్చాలి. ఈస్ట్రోజన్ పికోగ్రాముల్లో ఉంటుంది, మా కిట్టు అంత లోతుకు దిగదు. దాని బదులు ఫెర్న్ పలకే చూసుకున్నాం.

రెండో ఎద నుంచి 12 గంటలకోసారి స్కాన్ చేశాం. 24 గంటలకు బుడగ ఉంది, 36 గంటలకు లేదు. అండం విడుదల ఎద మొదలైన 24–48 గంటల మధ్య, ఎద చల్లబడ్డాక. ‘ఎద కనిపించగానే సూది’ అని వీర్యం ఎక్కించడానికి తొందరపడితే వీర్యకణాలు అండం రాకముందే అలసిపోతాయి.

సీరాలు: 34 + 11 = 45.

ఆరో దశ: ఎద కోసం చూడకుండా సూది (డైరీ రోజు 104–168)

చక్రం నడుస్తున్న ఎనిమిదింటికి ఓవ్‌సింక్, అంటే వరుస సూదులతో అండం విడుదలను అనుకున్న వేళకు తెచ్చే పద్ధతి. కింది రోజులు మొదటి సూది నుంచి లెక్క. సంక్రాంతి అయిన మూడో రోజు మొదలు.

1. 0వ రోజు: బుసెరెలిన్ (ఎల్‌హెచ్‌ను విడుదల చేయించే మందు) 10 మైక్రోగ్రాములు, 2.5 మి.లీ. పెద్ద ఫాలికిల్ ఉంటే పగులుతుంది, కొత్త అల మొదలవుతుంది.
2. 7వ రోజు: క్లోప్రోస్టెనాల్ 2 మి.లీ.
3. 9వ రోజు సాయంత్రం 4: బుసెరెలిన్ మళ్లీ అంతే.
4. 10వ రోజు పొద్దున 9: ఏఐ (కృత్రిమ గర్భధారణ). ఒక్కో బర్రెకు ఒక స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నని గొట్టం).

జనవరి 27న ఎనిమిదీ అయ్యాయి. ఏఐ వేళ తీసిన రక్తం, 24 గంటల తర్వాతి స్కాన్ చెప్పింది: ఆరింటిలో అండం విడుదలైంది. ఒకదానిలో ప్రొజెస్టిరాన్ ఇంకా 1.2 ఉంది, కార్పస్ లూటియం కరగలేదు. దానికి వాడిన సూది పొట్టిది, మందు కండలోకి దిగకుండా కొవ్వులోనే ఆగి ఉండొచ్చు. ఆ తర్వాత ఒకటిన్నర అంగుళం సూదే వాడాం.

ఇంకో తప్పు నీళ్ల మగ్గులో. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించాలి. మొదటి ఆరింటికి థర్మామీటర్ చూశారు. చివరి రెండింటికి చూసేసరికి మగ్గు 29కి చల్లారింది. మాఘంలో ఆరుబయట పొద్దున గాలి, గంటన్నర పని. ఆ రెండూ చూడి కట్టలేదు. రెండింటితో ఏదీ రుజువు కాదు కానీ, ఇప్పుడు రెండు స్ట్రాలకోసారి ఫ్లాస్కు నుంచి నీళ్లు మారుస్తున్నాం.

ఏఐ అయిన 22వ రోజు ప్రొజెస్టిరాన్: నాలుగింటికి తక్కువ, నాలుగింటికి ఎక్కువ. తక్కువంటే చూడి లేనట్టే, అందులో సందేహం లేదు. ఎక్కువంటే చూడి అని మాత్రం రాసుకోవద్దు. ఆ నాలుగింటిలో 32వ రోజు స్కాన్‌లో గుండె కొట్టుకుంటూ దొరికినవి మూడే.

ఆ నాలుగు ‘తక్కువ’ బర్రెలను ఎద వస్తుందన్న తేదీ ముందే తెలిసి కాపలా కాశాం. తేదీ తెలిస్తే చూపు పదునెక్కుతుంది. మూడింటిలో ఎద చిక్కింది. ఎప్పుడు మొదలైందో గంట తెలియదు కాబట్టి ఎద కనిపించిన 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఇంకోటి, రెండేసి స్ట్రాలు. రెండు చూడి.

లెక్క: 8లో చూడి 5. స్ట్రాలు 8 + 6 = 14. సీరాలు 45 + 16 = 61.

ఏడో దశ: పడుకున్న ఐదు (డైరీ రోజు 75–168)

వీటికి ఓవ్‌సింక్ వేయలేదు. ఫాలికిళ్లు 6–7 మి.మీ. దాటనివి, అవి బుసెరెలిన్‌కు పగలవు.

ఐదింటి ఒంటి స్థితి 5కు 2 నుంచి 2.5. తుంటి ఎముకలు కోణంగా పొడుచుకొచ్చాయి. మేత వరిగడ్డి, చేను అంచు గడ్డి, అంతే. వరిగడ్డిలో భాస్వరం తక్కువ, ఆక్సలేట్లు కాల్షియంను పట్టేస్తాయి. పాలకు పోగా అండాశయానికి ఏమీ మిగలదు.

45 రోజులు ఇలా: నట్టల మందు ఒకసారి, ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, పచ్చి సూపర్ నేపియర్ 15 కిలోలు, పత్తి గింజల చెక్క, తవుడు కలిపి మామూలు మీద ఒక కిలో దాణా ఎక్కువ. మొదటి రెండు వారాలు లవణ మిశ్రమం బకెట్ అడుగునే మిగిలిపోయింది. కుడితిలో కలిపితే అడుగుకు దిగుతోంది. తడి తవుడులో ముద్ద చేసి పెట్టాక తిన్నాయి.

రెండింటికి చక్రం మొదలైంది. వాటికి కనిపించిన ఎదలో రెండేసి స్ట్రాలు, ఒకటి చూడి.

మిగతా మూడింటికి యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్ సాధనం, 9 రోజులు. తీసే రోజున క్లోప్రోస్టెనాల్ 2 మి.లీ., ఈసీజీ (గుండె పరీక్ష కాదు, చూడి గుర్రం నుంచి తీసే హార్మోన్) 500 యూనిట్లు. 48 గంటలకు బుసెరెలిన్, మర్నాడు పొద్దున ఏఐ. పడుకున్న అండాశయానికి ముందు ప్రొజెస్టిరాన్ రుచి చూపించి ఒక్కసారిగా తీసేస్తే ఎల్‌హెచ్ లేస్తుంది, ఈసీజీ ఫాలికిల్‌ను పెంచుతుంది.

ఒకదాని సాధనం నాలుగో రోజుకే పోయింది. బయటికి వేలాడే తాడును పక్క బర్రె నమిలి లాగేసింది, పెండలో దొరికింది. తాడును నాలుగు వేళ్ల పొడవుకు కత్తిరించి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ బర్రెను యజమాని సంతలో అమ్మేశాడు. మిగతా రెండింటిలో ఒకటి చూడి.

లెక్క: 5లో చూడి 2, అమ్మింది 1. స్ట్రాలు 14 + 4 + 2 = 20.

డైరీ రోజు 170

మార్చి 24. కొట్టంలో మధ్యాహ్నం 2కు 39 డిగ్రీలు, గాలిలో తేమ 24 శాతం. ఉష్ణ–తేమ సూచిక లెక్క: (0.8 × 39) + 0.24 × (39 – 14.4) + 46.4 = 83.5. ఓవ్‌సింక్ ఏఐ చేసిన జనవరి 27న అదే వేళకు 29 డిగ్రీలు, 40 శాతం, 75.4. 75 దాటితే బర్రెకు భారమే. నల్లటి తోలు, చెమట గ్రంథులు తక్కువ, ఊరి చెరువులో అడుగు బురద తప్ప నీళ్లు లేవు. పొడుగు పగళ్లలో మెలటోనిన్ తగ్గుతుంది, ఎండకు ప్రొలాక్టిన్ పెరుగుతుంది, అండాశయం నెమ్మదిస్తుంది. ఇప్పుడు సూదులు వేస్తే స్ట్రాలే ఖర్చు.

చూడి కట్టక మిగిలిన ఐదింటికి ఏఐ ఆపేశాం. పగలు రెండుసార్లు పైపుతో నీళ్లు, తాటాకు పందిరి, పచ్చిమేత రాత్రికి మార్పు. సెప్టెంబర్ మొదటి వారంలో మళ్లీ పది రోజుల ఎడంతో రెండు సీరాలు.

గోడ మీద సుద్దతో రాసినవి, 310 రోజుల లెక్కన ఈనే తేదీలు: జనవరి 27 ఏఐవి మూడు, డిసెంబర్ 3. జనవరి 29ది ఒకటి, డిసెంబర్ 5. ఫిబ్రవరి 18వి మూడు, డిసెంబర్ 25. మొత్తం చూడి 7. అమ్మింది 1. ఖాళీ 5.